ముందు తన ఒంటికే: వాల్దెమార్ హాఫ్‌కిన్ జీవితం

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట, అల్లవరం మండలంలో ఓడలరేవు అనే ఊరుంది. ఇవాళ ఆ పేరు చెప్పగానే మనకి చమురు, సహజవాయువు, ఇంజనీరింగు కాలేజీ గుర్తుకొస్తాయిగాని, ఊరి పేరులో ఉన్నవి మాత్రం ఓడలే. రేవు అన్నది చిత్రమైన స్థలం. సరుకూ అక్కడే దిగుతుంది, కబురూ అక్కడే దిగుతుంది, ఒక్కొక్కప్పుడు రోగమూ అక్కడే దిగుతుంది. 1896లో ప్లేగు బొంబాయి రేవులో దిగింది. హాంకాంగు వైపునుంచి వచ్చిన ఓడల్లో ఎలుకలతోపాటు వచ్చిందని పెద్దల అంచనా. 2020లో వచ్చిన కోవిడ్‌కి ఓడ కూడా అక్కరలేకపోయింది, విమానం సరిపోయింది.

రేవులో దిగిన ఆ ప్లేగుకి ఎదురు నిలిచిన మనిషి పుట్టింది కూడా ఒక రేవు పట్నంలోనే. ఆయన పేరు వాల్దెమార్ హాఫ్‌కిన్. బొంబాయిలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఉందని మనలో చాలామందికి తెలుసు. ఆ పేరుగల మనిషి డాక్టరు కాదనీ, మనలాగే సైన్సు చదువుకున్న విద్యార్థి అనీ, విద్యార్థి ఉద్యమంలో జైలుకెళ్ళినవాడనీ ఎంతమందికి తెలుసు? మన సంఘం సంచికలో తలుచుకోదగిన జీవితం ఆయనది. అందుకే ఈ నాలుగు మాటలు.

నల్ల సముద్రపు ఒడ్డున ఒడెస్సా అనే పట్నం ఉంది. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1860 మార్చి 15న అక్కడ ఒక సామాన్య యూదు కుటుంబంలో హాఫ్‌కిన్ పుట్టాడు. ఒడెస్సాలోని విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివాడు. గురువు ఎలీ మెచ్నికోవ్. మన రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను ఎలా మింగేస్తాయో కనిపెట్టి, 1908లో నోబెల్ బహుమతి అందుకున్న మహాశాస్త్రవేత్త ఆయన. అంతటి గురువు దొరికాడుగాని కాలం మాత్రం మంచిది దొరకలేదు. 1881లో రష్యా చక్రవర్తి హత్య జరిగింది. ఆ నెపం మీద యూదుల ఇళ్ళమీద అల్లరిమూకలు పడ్డాయి. తనవాళ్ళను కాపాడుకోవడానికి నిలబడ్డ యువకుల్లో హాఫ్‌కిన్ ఒకడు. దెబ్బలు తిన్నాడు, అరెస్టయ్యాడు. మెచ్నికోవ్ కల్పించుకుని విడిపించాడు.

చదువు పూర్తయ్యాక ఒడెస్సాలోని జంతుశాస్త్ర మ్యూజియంలో పనిచేశాడు. ప్రతిభ ఉంది, పరిశోధన ఉంది, కాని విశ్వవిద్యాలయంలో ఉద్యోగం కావాలంటే మతం మార్చుకోవాలన్నారు. హాఫ్‌కిన్ మార్చుకోనన్నాడు. 1888లో స్విట్జర్లాండు వెళ్ళి జెనీవాలో చేరాడు. మరుసటి ఏడు పారిస్ వెళ్ళాడు. అక్కడ పాస్టర్ సంస్థలో ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క చిన్న ఉద్యోగం, సహాయ లైబ్రేరియన్‌ది. పుస్తకాలు సర్దే పని. సరేనన్నాడు. పగలు పుస్తకాలు సర్దుతూ, తీరిక దొరికినప్పుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు.

ఆ రోజుల్లో ప్రపంచాన్ని వణికిస్తున్న రోగం కలరా. మన కోస్తా జిల్లాల్లో దానికి మరిడి అని పేరు. మరిడమ్మ తల్లికి జాతర చేయటం తప్ప జనానికి వేరే దారి తెలియని కాలమది. కలరా క్రిమిని బలహీనపరచి ఒకసారి, బలపరచి ఒకసారి ఎక్కిస్తే శరీరం ముందే మేలుకుని ఉంటుందని హాఫ్‌కిన్ ఆలోచన. గినీ పందుల మీద, కుందేళ్ళ మీద ప్రయోగం చేశాడు, ఫలించింది. ఇంక మనిషి మీద చేయాలి. ఎవరి మీద?

1892 జులై 18న ఆ మందు తన ఒంటికే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, సూది పొడిచినచోట నొప్పి పుట్టింది, కొన్నాళ్ళకి తగ్గిపోయింది. తరువాత స్నేహితులు ముందుకు వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 32 ఏళ్ళు.

తన ఒంట్లో మందు పనిచేసిందని చెప్పుకుంటే చాలదు, రోగమున్న చోట నిరూపించాలి. పారిస్‌లో బ్రిటిషు రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్ అంతకుముందు మన దేశానికి వైస్రాయిగా చేసినవాడు. ఆయన సాయంతో 1893లో హాఫ్‌కిన్ కలకత్తాలో దిగాడు. అప్పటినుంచి ఊరూరా తిరిగాడు. ఆగ్రా వెళ్ళాడు, సైనిక శిబిరాలకు వెళ్ళాడు, అస్సాం తేయాకు తోటలకు వెళ్ళాడు. రెండున్నరేళ్ళలో 40 వేలమందికి పైగా టీకా వేశాడు. బలవంతం లేదు, ఇష్టమైనవాళ్ళకే.

కలకత్తాలో కట్టల్ బగాన్ అనే బస్తీ ఉంది. 1894లో అక్కడ కలరా తగిలింది. సుమారు 200 మంది జనాభాలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తరువాత అదే బస్తీలో పదిమందికి కలరా వచ్చింది, ఏడుగురు పోయారు. ఆ పదిమందీ టీకా వేయించుకోనివాళ్ళే. అదే నీళ్ళు, అవే గుడిసెలు, అదే మురుగు. తేడా టీకా ఒక్కటే. ఇదంతా సుఖంగా జరగలేదు సుమండీ! కలకత్తాలోనే ఒకచోట జనం ఆయన మీద రాళ్ళు రువ్వారు. ఆయన వెంట ఉన్న బెంగాలీ డాక్టర్లు వెనక్కి తగ్గకుండా జనం ఎదుట టీకాలు వేసి చూపించిన మీదట జనం మెత్తబడ్డారని చరిత్ర. చివరికి మలేరియా పట్టి, 1895లో ఆయన ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చింది. ఒళ్ళు కుదుటపడగానే మళ్ళీ వచ్చాడు.

ఆయన తిరిగి వచ్చిన ఏడే బొంబాయిలో ప్లేగు బయటపడింది. ప్రభుత్వం కబురు పెట్టింది. 1896 అక్టోబరులో గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆయనకిచ్చిన ప్రయోగశాల ఏమిటో తెలుసా? ఒక చిన్న గది, ఒక వసారా. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు నౌకర్లు. దానితోనే మూడు నెలలు రాత్రింబగళ్ళు పనిచేశాడు. ప్లేగు క్రిములను పెంచడానికి మాంసపు రసం కావాలి. గొడ్డుమాంసం హిందువులకు, పందిమాంసం ముస్లిములకు నిషిద్ధం గనుక మేకమాంసం వాడాడు. ఆ రసం మీద నెయ్యి బొట్లు వేస్తే వాటిని పట్టుకుని క్రిములు కిందికి ఊడల్లా వేలాడుతూ పెరిగేవి. కొబ్బరినూనె బొట్లు వేసినా అంతే. మన కోనసీమ కొబ్బరికి శాస్త్రచరిత్రలో అలా ఒక చిన్న చోటు దక్కిందని మనం సంతోషించవచ్చు! అలా పెరిగిన క్రిములను వేడిచేసి చంపితే అదే టీకా మందు.

1897 జనవరి 10న మళ్ళీ అదే పని చేశాడు. ముందు తన ఒంటికే. మామూలు మోతాదుకన్నా ఎక్కువే ఎక్కించుకున్నాడు. జ్వరంతోనే పనికి వెళ్ళాడు. ఆ నెలాఖరున బైకల్లా జైల్లో ప్లేగు కనిపిస్తే అక్కడి ఖైదీల్లో ఇష్టపడ్డవాళ్ళకి టీకా వేశారు. ఇంచుమించు సగంమంది వేయించుకున్నారు. వేయించుకోనివాళ్ళలో 12 మందికి ప్లేగు వచ్చి ఆరుగురు చనిపోయారు. వేయించుకున్నవాళ్ళలో ఇద్దరికి వచ్చింది, ఒక్కరూ చనిపోలేదు.

1898లో బరోడా దగ్గర ఉంధేరా అనే పల్లెలో చేసిన పరీక్ష ఇంకా గొప్పది. ఇంటింటికీ వెళ్ళి ప్రతి కుటుంబంలోనూ కొందరికి టీకా వేసి కొందరిని వదిలారు. అంటే ఒకే చూరు కింద, ఒకే కుండలో కూడు తినేవాళ్ళలో సగంమందికి టీకా ఉంది, సగంమందికి లేదు. టీకా లేని 64 మందిలో 27 మందికి ప్లేగు వచ్చింది, 26 మంది పోయారు. టీకా ఉన్న 71 మందిలో ఎనిమిదిమందికి వచ్చింది, ముగ్గురు పోయారు.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగుదాం. ఇరవైయారెక్కడ, మూడెక్కడ! టీకా గొప్పతనం అక్కడ కనిపిస్తుంది. అలాగని ఆ మూడుని మరచిపోకూడదు. టీకా వేయించుకున్నా ముగ్గురు పోయారు. టీకా మనిషిని వజ్రకాయుణ్ణి చేసే మంత్రం కాదు. మన ఏటిగట్టు లాంటిది. గోదావరికి వరద వస్తే కోనసీమ రైతు గట్టు ఉంది కదా అని ఇంట్లో పడుకోడు. బలహీనమైనచోట ఇసుక బస్తాలు వేస్తాడు, రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని కాపలా కాస్తాడు, పడవ సిద్ధంగా ఉంచుకుంటాడు. గట్టుకి ఒకచోట గండి పడవచ్చు, కాపలావాడు ఒక రాత్రి కునుకు తీయవచ్చు. అన్నీ ఒకేసారి తప్పిపోవటం మాత్రం అరుదు. ఊరు నిలిచేది అందుకే. టీకా, మంచినీళ్ళు, చేతుల శుభ్రత, గాలి వెలుతురు, జ్వరమొస్తే ఇంటిపట్టున ఉండటం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టిన గట్లు. అన్నిటికన్నా ముందుగా, వరదకన్నా ముందుగా కట్టుకునే గట్టు టీకా.

గట్టు ఎంత బలమైనదైనా ఒక్క చీమలబొరియ చాలునని హాఫ్‌కిన్ జీవితంలోనే రుజువైంది. 1899లో ఆయన ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నమెంటు హౌస్‌లోకి మారింది. లక్షలాది మోతాదులు అక్కడినుంచి దేశమంతటా వెళుతున్నాయి. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో 107 మందికి టీకా వేశారు. వారిలో ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది కొద్ది రోజుల్లో ధనుర్వాతంతో మరణించారు. దేశం గగ్గోలెత్తింది. విచారణ సంఘం వేశారు. సీసాలోకి ధనుర్వాత క్రిమి బొంబాయి ప్రయోగశాలలోనే చేరిందని ఆ సంఘం అనుకుంది. హాఫ్‌కిన్ తయారీ పద్ధతిలో కార్బాలిక్ ఆమ్లం మానేయటాన్ని తప్పుపట్టింది. ఆయన్ని పదవినుంచి పక్కన పెట్టారు. డాక్టరు కాదు, ఇంగ్లీషువాడు కాదు, పైగా యూదుడు. పక్కన పెట్టడానికి అడ్డేముంది?

అసలు జరిగిందేమిటంటే, ఆ పల్లెలో సీసా మూత తీసేటప్పుడు సహాయకుడి చేతిలోని పటకారు నేలమీద పడింది. దాన్ని సరిగ్గా క్రిమిరహితం చేయకుండానే అతను సీసా బిరడా తీశాడు. ధనుర్వాత క్రిమి ఉండేది మట్టిలోనే కదా! అదే మందు నింపిన ఇతర సీసాల్లో గాని, ఆ మందు తయారైన తీరులో గాని దోషం కనిపించలేదు. ఈ నిజం బయటికి రావటానికి ఏళ్ళు పట్టింది. హాఫ్‌కిన్ తరఫున గట్టిగా నిలబడ్డవారిలో రొనాల్డ్ రాస్ ముఖ్యుడు. ఈయన మనకి పరాయివాడు కాదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడు. రాస్, ఆయనతోపాటు మరికొందరు శాస్త్రవేత్తలు 1907లో లండన్ పత్రికలో హాఫ్‌కిన్ నిర్దోషి అని ప్రకటన చేశారు. చివరికి ప్రభుత్వం ఆయన మీద నింద తొలగించింది.

నింద పోయిందిగాని పోయిన కాలం తిరిగి రాలేదు. ఆయన మళ్ళీ కలకత్తా వచ్చాడు. పరేల్ ప్రయోగశాల మాత్రం ఆయనకి దక్కలేదు. కొత్త టీకాలు మనుషులమీద పరీక్షించే అవకాశమూ ఇవ్వలేదు. మరో ఏడెనిమిదేళ్ళు పనిచేసి, మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఉద్యోగం విరమించి యూరపు వెళ్ళిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లోజాన్‌లో కన్నుమూశాడు. ఉన్న ఆస్తిని తూర్పు యూరపులోని యూదు పిల్లల పాఠశాలలకోసం రాసిపోయాడు. మన ప్రభుత్వం 1964లో ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళ వేసింది.

బతుకంతా టీకాలకిచ్చి, చివరికి ఉన్నదంతా బళ్ళకిచ్చిన మనిషి ఈయన. ఆ రెండూ కలిసేచోట, అంటే బడిలో టీకా దగ్గర, ఈయన జీవితం మనకేం చెబుతుందో ఇప్పుడు చూద్దాం.

బడిలో టీకా అనగానే పిల్లల వరస గుర్తుకొస్తుంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకాలు బడులకే వచ్చి వేశారు. పదేళ్ళకి, పదహారేళ్ళకి వేసే ధనుర్వాతం, కంఠసర్పి టీకా కూడా పిల్లలకు తెలుసు. మంచిదే. మరి ఆ వరస సర్ది నిలబెట్టిన టీచరుగారి సంగతేమిటి? గిన్నెలు తోమే ఆయమ్మ, వంట వండే అమ్మలు, అటెండరు, పిల్లల్ని ఎక్కించుకొచ్చే ఆటో అబ్బాయి, వీళ్ళ సంగతేమిటి? వీళ్ళు వేయించుకున్నారా అని అడిగినవాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళు కదా, వాళ్ళకెందుకు అనుకుంటాం.

ఒక్కొక్కరినే తీసుకుని ఆలోచిద్దాం. వందమంది పిల్లలకి వండి వడ్డించే మనిషికి టైఫాయిడ్ ఉంటే అది ఒక్క ఇంటితో పోయేది కాదు. తినుబండారాలు తయారుచేసి అమ్మేవారికి ఏటేటా వైద్యపరీక్ష, ప్రేగుజ్వరాల టీకా ఉండాలని మన దేశపు ఆహారభద్రతా నిబంధనలే చెబుతున్నాయి. అన్నం పెట్టటంలో కోనసీమకున్న పేరు ఇంత అంత కాదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు 2024లో మన బడి భోజన పథకానికి పెట్టారు. ఆ పేరుతో వడ్డించే చేయి శుభ్రంగా, క్షేమంగా ఉండాలి కదా! ఇక పెళ్ళయి పిల్లలు కలగవలసిన వయస్సులో ఉన్న టీచరమ్మ సంగతి. పిల్లాడికి ఒంటిమీద నాలుగు పొక్కులతో పోయే రుబెల్లా, గర్భిణికి తగిలితే కడుపులోని బిడ్డ చూపుకి, వినికిడికి, గుండెకి దెబ్బ. ఆ టీకా గర్భం రాకముందే వేయించుకోవాలి, గర్భంతో ఉన్నప్పుడు వేయరు. ముందుగా అడిగి చెప్పేవాళ్ళు లేకపోతే ఆ అవకాశం దాటిపోతుంది. తోటపని చేసే అటెండరుకి మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం భయం ఉండనే ఉంది. ఆ టీకా చిన్నప్పుడు వేసిందే జీవితాంతం సరిపోదు, పదేళ్ళకోసారి మళ్ళీ కావాలి.

ఓడలరేవు వంటి సముద్రపుటొడ్డు ఊళ్ళలో ఇంకొక సంగతి కూడా ఉంది. అక్కడ బడి అంటే పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదు. తుపాను హెచ్చరిక రాగానే ఊరంతా చేరేది పక్కా భవనాల్లోకే, అంటే బడిలోకే. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అటువంటి రాత్రి ఒకే గదిలో పసిబిడ్డనుంచి పండుముసలిదాకా పక్కపక్కనే ఉంటారు. తాగునీరు చెడిపోతుంది. ఆ గది తాళంచెవి ఉండేది బడి సిబ్బంది చేతిలోనే. వాళ్ళే రోగాన పడితే ఊరికి తలుపు తీసేదెవరు?

2020 నవంబరులో మన రాష్ట్రంలో బళ్ళు తెరిచినప్పుడు కొందరు ఉపాధ్యాయులకు, పిల్లలకు కోవిడ్ బయటపడి తల్లిదండ్రులు హడలిపోయారు. మరుసటి ఏడు ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు రెండు కోట్లకు పైగా మోతాదులు అదనంగా ఇచ్చి, సెప్టెంబరు 5 గురుపూజోత్సవానికల్లా ఉపాధ్యాయులందరికీ టీకా వేయమని కోరింది. బడి సిబ్బందికి టీకా అవసరమని దేశమంతా ఒప్పుకున్న సందర్భమది. ఆపద గట్టెక్కాక ఆ మాట మరుగున పడనివ్వకూడదు. మా రైతుల ఇళ్ళల్లో పశువులకి గొంతువాపు టీకా వానలకు ముందే వేయిస్తారు. వాన పడ్డాక, గొంతు వాచాక ఏ రైతూ టీకాకోసం పరుగెత్తడు. గొడ్డుకి తెలిసిన ఈ ముందుచూపు బడికి మాత్రం ఎందుకుండకూడదు?

అన్నిటినీ మించిన సంగతి ఇంకొకటుంది. హాఫ్‌కిన్ చేసిన ప్రయోగాలన్నిటిలోనూ మొదటి పేరు హాఫ్‌కిన్‌దే. నేను వేయించుకున్నాను, బతికే ఉన్నాను, ఇక మీ ఇష్టం అన్నట్టుగా జనం ముందు నిలబడ్డాడు. ముల్కోవాల్ తరువాత జనానికి టీకా మీద పోయిన నమ్మకం అంకెలతో తిరిగి రాలేదు. అలా నిలబడి చూపే మనుషులతోనే రావాలి. పల్లెటూళ్ళో ఆ మనిషి ఎవరు? బడి పంతులుగారే. ఆయన చెయ్యి చాపి వేయించుకుంటే తల్లులు పిల్లల్ని తీసుకొస్తారు. ఆయన తప్పుకుంటే ఊరు తప్పుకుంటుంది. సిబ్బంది టీకా వాళ్ళ ఒంటికి రక్ష మాత్రమే కాదు, పిల్లలకు మొదటి పాఠం కూడా.

మన కాలేజీ గోడలమధ్య ఉన్నవారిలో రేపు చాలామంది బడుల్లోకి వెళ్ళి పాఠాలు చెప్పేవారే. వాళ్ళు చేరిన మొదటి వారంలోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు రెండే: నాకు ఏ టీకా బాకీ ఉంది? మా బడిలో వండేవాళ్ళకి, తోమేవాళ్ళకి, పిల్లల్ని తోలుకొచ్చేవాళ్ళకి ఏ టీకా బాకీ ఉంది? సబ్బు, నీళ్ళతొట్టి, తెరిచిన కిటికీ, జ్వరమొచ్చినవారికి సెలవు, ఇవీ ఆ వెంటనే చూసుకోవాలి. ఒక్క గట్టుని నమ్ముకుని నిద్రపోకూడదన్నది గోదావరి పాఠం. గట్టు కట్టమని ఊరికి చెప్పేవాడు మొదటి తట్ట మట్టి తానే వేయాలన్నది హాఫ్‌కిన్ పాఠం.